చెయ్యి కంటే బెల్టు బేగి వెళ్తుంది

నిజం చెప్పండి. బెల్టు తిరుగుతూ ఉండగానే, కింద పుల్లీకి పట్టేసిన తుక్కుని చేత్తో లాగెయ్యడం మీరు చివరిసారి ఎప్పుడు చేశారు? నిన్నా? ఇవాళ పొద్దున్నా? లాగేసి, చెయ్యి చీరకో లుంగీకో తుడుచుకుని, "ఏటవుద్దిలే, ఎన్ని మార్లు చెయ్యలేదు" అనుకున్నారా?

అందరూ అలాగే అనుకుంటారు. చాలాసార్లు ఏమీ కాదు కూడా. చిక్కంతా అక్కడే ఉంది. ఏమీ కాని ప్రతిసారీ చేతికి ధైర్యం పెరుగుతుంది, ఇంకో అంగుళం లోపలికి పోతుంది.

పలాస, కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పిక్కలు పైకెక్కించే ఎలివేటర్ దగ్గర నిలబడేవాళ్ళూ, నౌపడలో ఉప్పు నలగగొట్టి అయోడిన్ కలిపే చోట స్క్రూ పక్కన పనిచేసేవాళ్ళూ, టెక్కలి చుట్టుపక్కల క్రషర్లలో బెల్టు చూసుకునేవాళ్ళూ, కంచిలి, కవిటి వైపు కొబ్బరి పీచు మిల్లుల్లో రోలరుకి డొక్కలు అందించేవాళ్ళూ, రైసు మిల్లుల్లో ఊక ఎత్తేవాళ్ళూ... ఈ అధ్యాయం మీ కోసం. సరుకు వేరు, మిషను వేరు. చెయ్యి పోయే తీరు మాత్రం అన్నిచోట్లా ఒక్కటే.

"జాగ్రత్తగా పని చెయ్యండి" అనే సలహా ఇందులో దొరకదు. ఆ మాట గోడ మీద ఎర్ర రంగుతో రాయించి, దాని కిందే పుల్లీని గార్డు లేకుండా తిప్పే చోట్లు ఉన్నాయి. జాగ్రత్త ఎందుకు చాలదో లెక్క వేసి చూద్దాం. బెల్టు సెకనుకి ఒక మీటరు చొప్పున పోతోందనుకోండి. అది పెద్ద వేగమేమీ కాదు, మనిషి మామూలు నడక కంటే తక్కువే. వేలికి ఏదో తగిలిందని మీకు తెలిసి, చెయ్యి వెనక్కి లాగడం మొదలుపెట్టేసరికి సుమారు పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో బెల్టు 25 సెంటీమీటర్లు ముందుకు పోయింది. మీ నడిమి వేలి కొస నుంచి 25 సెంటీమీటర్లు కొలుచుకోండి. మణికట్టు దాటిపోయింది కదూ? మీరు చురుకైన మనిషే కావచ్చు, ఇరవై ఏళ్ళ అనుభవం ఉండొచ్చు. లాగడం మొదలుపెట్టకముందే మణికట్టు లోపలికి పోయింది.

అది ఎక్కడ పట్టుకుంటుందో కూడా తెలియాలి. బెల్టు మధ్యలో చెయ్యి పెడితే మహా అయితే చర్మం గీరుకుపోతుంది. బెల్టు పుల్లీ మీదకి ఎక్కే సందు ఉంటుందే, అదీ అసలు చోటు. మోటారు పుల్లీకీ వీ-బెల్టుకీ మధ్య, చైనుకీ పళ్ళ చక్రానికీ మధ్య, స్క్రూ రెక్కకీ తొట్టి అంచుకీ మధ్య, ఎలివేటర్ అడుగున బకెట్లు తిరిగే పెట్టెలో కూడా ఇలాంటి సందులే ఉంటాయి. వాటిలోకి చెయ్యి పోవడమే తప్ప, మిషను తిరుగుతున్నంతసేపూ బయటికి రావడం ఉండదు.

సరే, ఏం చెయ్యాలి?

1. ఆపడం అంటే బటను నొక్కడం ఒక్కటే కాదు

ఒక సందర్భం ఊహించండి. జీడి పిక్కల ఎలివేటర్ కింద పెట్టెలో గోనె ముక్క ఇరుక్కుంది. ఒకమ్మాయి బుద్ధిగా బటను నొక్కి మిషను ఆపి, వంగి, చెయ్యి లోపల పెట్టింది. స్టార్టరు గోడకి అవతల ఉంది. అక్కడికి వచ్చిన కుర్రాడికి ఆమె కనపడదు. "ఎవరాపీసినారిది? లోడు ఎల్లిపోవాలి, బేగి కానీయండి" అంటూ ఆకుపచ్చ బటను నొక్కేశాడు. వాడు చెడ్డవాడా? కాదు. ఆమె తప్పు చేసిందా? అదీ కాదు. మిషనుకీ ఆమె చేతికీ మధ్య ఉన్నది ఒక్క బటను. అది ఇంకొకరి చేతికి అందుతోంది.

అందుకని ఇలా చెయ్యండి. బటను నొక్కి ఆపాక మెయిన్ స్విచ్ దింపండి. కిట్‌క్యాట్ ఫ్యూజులుంటే మూడింటినీ ఊడదీసి జేబులో వేసుకోండి, ఆడవాళ్ళయితే రొంటిన దోపుకోండి. మేస్త్రీ చేతికిచ్చి రాకండి. బల్ల మీద పెట్టి రాకండి. మీ ఒంటి మీదే ఉండాలి. కొత్త రకం బోర్డయితే హ్యాండిల్‌కి తాళం వేసే కన్నం ఉంటుంది. చిన్న తాళం కొని వేసి, తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. ఇద్దరు లోపల పనిచేస్తుంటే రెండు తాళాలు. ఎవరిది వాళ్ళే తియ్యాలి.

తరవాత, చాలామంది వదిలేసే పని ఒకటుంది. స్టార్టు బటను ఒకసారి నొక్కి చూడండి. మిషను కదలకూడదు. కదిలిందంటే మీరు దింపింది పక్క మిషను స్విచ్చన్న మాట. ఇలాంటిది జరుగుతుందా అని నవ్వకండి. తీగలు అటూ ఇటూ మార్చిన పాత షెడ్లలో ఏ స్విచ్ దేనిదో పేరు రాసి ఉండదు.

ఇంకోటి. కరెంటు తీసినంత మాత్రాన బరువు ఊరుకోదు. పైకి వాలుగా ఉన్న బెల్టు మీద రాయో ఉప్పో నిండుగా ఉంటే అది వెనక్కి జారుతుంది. ఎలివేటర్‌లో ఒక వైపు బకెట్లు నిండుగా, రెండో వైపు ఖాళీగా ఉంటాయి కాబట్టి అదీ వెనక్కి తిరుగుతుంది. చెయ్యి పెట్టేముందు చెక్క దిమ్మ అడ్డం పెట్టండి.

ఇక కరెంటు పోయినప్పటి సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన ఊళ్ళకి కరెంటు కోతల గురించి నేను చెప్పాలా? కరెంటు పోగానే మన బుద్ధి ఎటు పోతుందంటే, "ఎలాగూ ఆగింది కదా, ఈలోపు శుభ్రం చేసేద్దాం." ఇంతకంటే ప్రమాదమైన ఆలోచన ఫ్యాక్టరీలో ఇంకొకటి లేదు. కరెంటు ఏ క్షణాన వస్తుందో ఎవరికీ తెలియదు. జనరేటరు ఉంటే మరీ బేగి వస్తుంది. మంచి స్టార్టరులో నో-వోల్ట్ కాయిల్ అని ఒకటుంటుంది. కరెంటు పోయి తిరిగి వచ్చినా, మళ్ళీ బటను నొక్కితే తప్ప మోటారు తిరగనివ్వదు. కానీ మాటిమాటికీ బటను నొక్కలేక ఆ బటనులో పుల్ల గుచ్చి ఉంచేవాళ్ళున్నారు. మీ స్టార్టరులో పుల్ల ఉందా? స్టార్టరే లేకుండా నేరుగా స్విచ్‌తో నడిపిస్తున్నారా? అయితే కరెంటు రాగానే మీ మిషను తనంతట తానే తిరుగుతుంది, లోపల ఎవరున్నా. కరెంటు లేనప్పుడు కూడా ఫ్యూజులు తీశాకే చెయ్యి పెట్టాలి.

ఇదంతా చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది? మూడు నాలుగు నిమిషాలు. టీ తాగే టైము కంటే తక్కువ.

2. గార్డు తీసింది ఎవరు, తిరిగి పెట్టింది ఎవరు?

మిషను కొన్నప్పుడు గార్డు వచ్చే ఉంటుంది. ఒకసారి గ్రీజు పెట్టడానికి తీశారు. నాలుగు బోల్టుల్లో రెండు తుప్పు పట్టి విరిగిపోయాయి. "రేపు వెల్డింగు చేయిద్దాం" అని గోడకి ఆనించారు. ఆ గార్డు ఇప్పటికీ ఆ గోడకే ఆని ఉంది. దాని మీద గోనె సంచులు కూడా ఆరేస్తున్నారు. నౌపడ లాంటి చోట ఈ కథ ఇంకా తొందరగా నడుస్తుంది. సముద్రపు గాలి ఒక పక్క, ఉప్పు దుమ్ము ఒక పక్క తింటుంటే మామూలు ఇనుము ఎన్నాళ్ళు ఆగుతుంది? అక్కడ గార్డుకి జింకు పూత జాలీ గానీ ఫైబరు గానీ వాడాలి, బోల్టులు స్టీలువి పెట్టాలి. గ్రీజు నిపుల్‌కి చిన్న గొట్టం వేసి గార్డు బయటికి తెస్తే, గ్రీజు కోసం గార్డు విప్పే అవసరమే రాదు. గార్డు ఎందుకు మాయమవుతోందో కనిపెడితే, దాన్ని నిలబెట్టడం సగం తేలిక.

జాలీ ఉంటే చాలదు, కన్ను ఎంత, పుల్లీకి ఎంత దూరం అన్నది ముఖ్యం. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం చదరపు కన్ను 10 మిల్లీమీటర్లయితే జాలీ పుల్లీకి కనీసం 2.5 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. 20 మిల్లీమీటర్లయితే 12 సెంటీమీటర్లు. కొలత టేపు లేకపోతే, మిషను ఆపి ఫ్యూజులు తీశాక, జాలీలోంచి వేలు పెట్టి చూడండి. పుల్లీ తగిలిందా? అయితే అది గార్డు కాదు, అలంకారం.

ఇది ఎవరో దయతలచి చెయ్యాల్సిన పని కూడా కాదు. మన దేశంలో 1881లో వచ్చిన మొదటి ఫ్యాక్టరీ చట్టంలోనే ప్రమాదకరమైన మిషన్లకి కంచె కట్టాలని ఉంది. 1948 చట్టం 21వ సెక్షన్ ఇంకా స్పష్టంగా చెప్పింది: గట్టి గార్డు ఉండాలి, మిషను తిరుగుతున్నంతసేపూ అది దాని చోట ఉండాలి. తిరుగుతున్న షాఫ్టులు, బెల్టులు, పుల్లీల్లాంటి వాటిని శుభ్రం చెయ్యమని గానీ, నూనె వెయ్యమని గానీ ఆడవాళ్ళకి చెప్పకూడదని దాని 22వ సెక్షన్‌లో ఉండేది. తప్పనిసరైతే ప్రత్యేకంగా శిక్షణ పొంది, రిజిస్టరులో పేరు ఉండి, యజమాని ఇచ్చిన బిగుతు బట్టలు వేసుకున్న మగ పనివాడే దగ్గరికి వెళ్ళాలని కూడా ఉండేది. పలాస జీడి ఫ్యాక్టరీల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే కదా, ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో కొత్త భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనేది పాత లెక్క, ఇప్పుడు 20 మంది ఉండాలి. చిన్న షెడ్లలో పనిచేసేవాళ్ళకి ఇది నష్టమేనని నా అభిప్రాయం. పన్నెండు మంది ఉన్న చోట పుల్లీ మెల్లగా తిరగదు కదా.

3. చేతికి ఏముంది, ఒంటికి ఏముంది?

జీడి పని చేసేవాళ్ళకి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది కాబట్టి కొందరు ఆముదం రాసుకుంటారు, కొందరు బూడిద పూసుకుంటారు, కొందరు గ్లౌజులు తొడుక్కుంటారు. కోత దగ్గర గ్లౌజు మంచిదే. కానీ అదే గ్లౌజుతో బెల్టు దగ్గరికి వచ్చారా, అదే మిమ్మల్ని లోపలికి లాగుతుంది. ఉత్త చెయ్యి ఒక్కోసారి జారి బయటపడొచ్చు. గ్లౌజు పుల్లీకి చుట్టుకుంటే చేతిని వదలదు. కాబట్టి కోత బల్ల నుంచి లేచి మిషను వైపు వెళ్ళేముందు గ్లౌజు తీసేయండి. గార్డు లేని మిషను వైపు గ్లౌజుతో గానీ లేకుండా గానీ వెళ్ళనే వెళ్ళకండి.

కొంగు నడుముకి బిగించండి, చున్నీ ఇంట్లో వదిలేయండి, జడ ముడి వేసి గుడ్డ కట్టండి. ఉంగరం, మణికట్టు దారం, తాయెత్తు పని గంటల్లో వద్దు. ఉంగరం పట్టుకుంటే వేలి చర్మం మొత్తం తొడుగులా ఊడి వచ్చేస్తుంది. డాక్టర్లు అతుకు వెయ్యలేక వేలే తీసెయ్యాల్సిన దెబ్బల్లో అదొకటి. గాజులు తియ్యమంటే కొందరికి మనసొప్పదు. పైకి తోసి గుడ్డతో కట్టుకోండి, కనీసం.

4. కర్ర చెయ్యి కాదు, నిజమే. కానీ...

"చేత్తో ఎందుకు పెడతామండీ, కర్రతో తీస్తాం" అంటారు. కర్ర పుల్లీలో పడితే దాని వెనకాలే చెయ్యి కూడా పోతుంది, ఎందుకంటే కర్రని గట్టిగా పట్టుకున్నది మీరే. చీపురూ అంతే, పార కూడా అంతే. పీచు మిల్లు రోలరుకి చుట్టుకున్న పీచుని కొడవలితో కోసేవాళ్ళది మరీ సాహసం. ఆపి కోయండి.

5. ఎర్ర బటను పనిచేస్తుందో లేదో ఎప్పుడు చూశారు?

పొడుగాటి బెల్టు పక్కన మొదటి నుంచి చివరిదాకా తాడు ఉండాలి, ఎక్కడ లాగినా ఆగేలా. ఎర్ర బటను నొక్కితే లోపలే ఉండిపోవాలి, ఎవరైనా తిప్పి బయటికి తీస్తే తప్ప మిషను తిరగకూడదు. వారానికొకసారి, ఖాళీ బెల్టు మీద, నొక్కి చూడండి. ఉప్పు గాలికి లోపలి కాంటాక్టులు తినేసిపోయి, అవసరమైన రోజున పనిచెయ్యని బటన్లు చాలా ఉంటాయి.

6. మేస్త్రీకి ఎలా చెప్పాలి?

ఇది అన్నిటికంటే కష్టం, నాకు తెలుసు. రోజుకూలి పని. ఎదురు మాట్లాడితే రేపు రావద్దంటారేమో అన్న భయం. అందుకే గొడవలా కాకుండా, పనిలా చెప్పండి. "ఆపకుండా తీయమంటే నేను తీయను" అని మొదలుపెట్టకండి. ఇలా అనొచ్చు (తోక పుల్లీ అంటే బెల్టు వెనక చివర ఉండే పుల్లీ):

"మేస్త్రీ గారూ, తోక పుల్లీ దగ్గర గార్డు లేదండి. ఫ్యూజులు తీసి ఐదు నిమిషాల్లో శుభ్రం చేసి ఇచ్చేస్తాను. గార్డు ఎప్పుడు పెట్టిస్తారో చెప్తే, ఆ రోజు బోల్టులు నేను బిగిస్తాను."

"ఇప్పుడు ఆపడం కుదరదు" అంటే? "అయితే ఎప్పుడు ఆపుదామండి?" అని అడగండి. టైము ఆయన నోటితోనే చెప్పించండి. ఒక్కరే వెళ్ళకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. ఫోనులో గార్డు లేని పుల్లీ ఫొటో తీసి ఉంచుకోండి. అది ఎందుకు పనికొస్తుందో ఎనిమిదో అంశంలో చెప్తాను.

మేస్త్రీలూ, యజమానులూ ఈ పేజీ చదువుతుంటే మీకూ ఒక మాట. మిషను ఆపినందుకు మీరు ఎవరినైనా ఒక్కసారి గదిమితే, ఆ షెడ్డులో మళ్ళీ ఎవరూ ఆపరు. మీ గార్డులన్నీ వృథా.

7. చెయ్యి పట్టేసుకుంటే

ముందు కరెంటు తీసి, ఫ్యూజులు ఊడదీయండి. చేతిని లాగకండి. మోటారు వెనక్కి తిప్పి చూద్దామని అనకండి, అది ఇంకోసారి నలుపుతుంది. తోక పుల్లీ దగ్గర బెల్టు బిగించే బోల్టులుంటాయి, వాటిని వదులు చేయండి. దానికి సరిపోయే పానా ఎప్పుడూ అక్కడే వేలాడదీసి ఉండాలి. వదులు కాకపోతే బెల్టు కోసేయండి. బెల్టు ఖరీదు గురించి అప్పుడు ఆలోచించకండి.

చెయ్యి బయటికి వచ్చాక ఉంగరం, గాజులు వెంటనే తియ్యండి, వాపు వస్తే రావు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టండి. పసుపు, కాఫీ పొడి, సున్నం ఏమీ పెట్టకండి. టీ నీళ్ళు కూడా తాగించకండి, ఆపరేషనుకి మత్తు ఇవ్వాల్సి రావొచ్చు. 108కి ఫోను చేయండి.

వేలు తెగి పడిందా? దాన్ని వెతకండి. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి, గాలి చొరకుండా ముడి వేసి, ఆ కవరుని ఐసు కలిపిన నీళ్ళలో పెట్టండి. వేలిని నేరుగా ఐసు మీద పెడితే కండ చచ్చిపోతుంది. చేపల వ్యాపారం ఉన్న మన తీరంలో ఐసుకి కరువు లేదు, ఈ చిన్న తేడా తెలియకే పాడవుతుంది. ఇలా చల్లగా ఉంచిన వేలికి ఒక రోజు వరకూ, బయట ఉంచితే సుమారు 12 గంటల వరకూ అవకాశం ఉంటుంది. మణికట్టు దగ్గర తెగితే కండ ఎక్కువ కాబట్టి బయట ఉంచితే 6 గంటలే. దగ్గరి ఆసుపత్రిలో రక్తం ఆపించుకుని, ప్లాస్టిక్ సర్జరీ ఉన్న చోటికి, అంటే విశాఖ కేజీహెచ్ లాంటి చోటికి, వెంటనే బయల్దేరితే పలాస నుంచి కూడా సమయానికి చేరొచ్చు. పుల్లీలో నలిగిన వేలు అన్నిసార్లూ అతకదు. ఆ మాట డాక్టరు చెప్పాలి గానీ, మనం ముందే చెత్తలో పారెయ్యకూడదు.

8. డబ్బు విషయం

పనిలో దెబ్బ తగిలితే పరిహారం యజమాని బాధ్యత. రోజుకూలి అయినా, కాంట్రాక్టరు తెచ్చిన మనిషి అయినా. 1923 నాటి పరిహార చట్టం పట్టికలో (ఇప్పుడది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది) బొటనవేలు పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడు వేలుకి 14 శాతం. చెయ్యి మొత్తానికి 60 శాతం. ముప్ఫై ఏళ్ళ మనిషి, నెలకి 10,000 జీతం, బొటనవేలు పోయింది అనుకోండి. జీతంలో 60 శాతం అంటే 6,000. దాన్ని ఆ వయసుకి పట్టికలో ఉన్న 207.98తో గుణించి, అందులో 30 శాతం తీస్తే 3,74,364 రూపాయలు. "ఇరవై వేలు తీసుకుని సంతకం పెట్టెయ్యి" అని ఎవరైనా కాగితం తెస్తే ఈ అంకె గుర్తుంచుకోండి. ఈఎస్ఐ కార్డు ఉంటే దారి వేరు: అక్కడ పనికి వెళ్ళలేని రోజులకి జీతంలో సుమారు 90 శాతం వస్తుంది, శాశ్వత నష్టానికి నెలనెలా వస్తుంది.

ఒక మెలిక ఉంది. కార్మికుడే కావాలని గార్డు తీసేశాడని యజమాని రుజువు చేస్తే, మరణం లేదా శాశ్వతంగా పూర్తి వైకల్యం అయిన సందర్భాల్లో తప్ప, పరిహారం ఎగ్గొట్టొచ్చు. ఫొటో తీసి ఉంచుకోమన్నది అందుకే. గార్డు ముందు నుంచీ లేదని, మీరు అడిగారని, ఏ రోజు అడిగారో తెలిసేలా ఉండాలి.

మీ షెడ్డులో చదవడం రాని అక్కలూ వదినలూ ఉంటారు, ఒడియా తప్ప తెలుగు సరిగా రానివాళ్ళూ ఉండొచ్చు. రేపు మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు మొదటి అంశమూ, ఏడో అంశమూ వాళ్ళకి చదివి, వాళ్ళ భాషలో చెప్పండి. మిషను దగ్గర మీ చెయ్యి ఇరుక్కున్నప్పుడు ఫ్యూజులు తీయాల్సింది వాళ్ళే.